పోత ఆగదు

గాజువాక
సోమవారం రాత్రి

బాపూ,

పొద్దున దువ్వాడలో బండి ఆగినప్పుడు మెలకువ వచ్చింది. విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ ఈ పక్కనే. అందులోని మూడు పెద్ద కొలుములకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టారు. ఆ పేర్లు నీకు నచ్చుతాయని రాస్తున్నాను. నేను వచ్చింది మాత్రం అక్కడికి కాదు, నీటి పంపుల బాడీలు పోసే ఒక చిన్న ఫౌండ్రీకి. కంపెనీ పుస్తకానికి ఫొటోలు కావాలట.

షూటింగ్ గురువారమైతే సోమవారమే ఎందుకు పోతున్నావని అమ్మ అడిగింది కదా. ఫ్యాక్టరీలో ఫొటో పని ముప్పాతిక భాగం కెమెరా బయటికి తీయకముందే అయిపోవాలి. ఇవాళంతా దానికే సరిపోయింది. గేటు దగ్గర ప్రతి కెమెరా, ప్రతి లెన్సు నంబరూ పాసులో రాయించాను. తర్వాత అరగంట సేఫ్టీ క్లాసు. నైలాన్ బట్టలు వద్దన్నారు, నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటాయి. నిండు చేతుల నూలు చొక్కా, హెల్మెట్, సేఫ్టీ బూట్లు తప్పనిసరి. గుండెకు పేస్‌మేకర్ ఉందా అని కూడా అడిగారు. ఇక్కడ ఇనుము కరిగించే ఫర్నేస్‌లో బొగ్గు ఉండదు బాపూ. చుట్టూ రాగి చుట్టలో కరెంటు పారుతుంది, ఆ అయస్కాంత శక్తికే లోపలి తుక్కు కరుగుతుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లను దాని దగ్గరికి రానివ్వరు.

నా చేతిలో నీళ్ల సీసా చూసి ఫోర్‌మన్ పరుగున వచ్చి తీసుకున్నాడు. కరిగిన ఇనుము కింద చెంబెడు నీళ్లు చిక్కినా చాలు, ఒక్కసారిగా ఆవిరై పైనున్న ఇనుమంతా ఎగజిమ్ముతుందట. తుక్కు కూడా తడి లేదని చూసుకున్నాకే లోపల వేస్తారు. తడి పట్టకారు కొలిమి దగ్గర పెట్టినందుకు చిన్నప్పుడు నువ్వు నన్ను కొట్టిన దెబ్బ గుర్తొచ్చింది.

గాజువాక
మంగళవారం రాత్రి

బాపూ,

ఇవాళ రెండు పోతలు చూశాను. పొద్దున ఐదున్నరకు ఒకటి, మధ్యాహ్నం ఇంకొకటి. మధ్యాహ్నం పైకప్పు రేకుల సందుల్లోంచి ఎండ చారలు చారలుగా పడుతుంది, చూడటానికి బాగుంటుంది. కానీ ఆ వెలుగులో ఇనుము రంగు వెలిసిపోతుంది. తెల్లవారుజామున షెడ్డంతా మసక చీకటి. కరిగిన ఇనుము నింపిన లాడిల్ వంగినప్పుడు ఆ ఇనుము వెలుగే మనుషుల మొహాల మీద పడుతుంది. అందుకని పొద్దుటి పోతే ఖాయం చేసుకున్నాను.

కష్టమంతా వెలుగుతోనే. ఇనుమును చూసి కెమెరా సరిచేస్తే మనుషులు మసిబొమ్మలవుతారు. మనుషులను చూసి సరిచేస్తే ఇనుము తెల్లటి చిల్లులా కనిపిస్తుంది. రెండూ కుదిరేది లాడిల్ వంగిన ఆ నాలుగైదు సెకన్లే. ఫ్లాష్ వాడను. పోసేవాడి చూపంతా సన్నటి ధార మీద ఉంటుంది, అతను ఒక్కసారి కళ్లు చిట్లించినా ధార అచ్చు నోట్లో పడదు. షెడ్డు లైట్లు మన కరెంటుకు సెకనుకు నూరుసార్లు మిణుకుతాయి, కంటికి తెలియదు, ఫొటోలో చారలు పడతాయి. అందుకే షట్టరు సెకనులో నూరో వంతుకు పెట్టుకోవాలి. నల్లటి ఇసుక ధూళిలో లెన్సు మార్చే పని లేకుండా రెండు కెమెరాలు మెడలో వేసుకుంటాను. క్రేన్ దారికి అడ్డం లేకుండా నేను నిలబడాల్సిన చోటు ఫోర్‌మనే సుద్దముక్కతో గీసి చూపించాడు. "పోత మొదలైతే ఆగదు బాబూ, ఆ గీత దాటకండి" అన్నాడు.

సాయంత్రం ఆఫీసు నుంచి ఒకాయన ఫొటోల జాబితా తెచ్చాడు. మొదటి ఫొటోలోనే పోసేవాడు అద్దాలు తీసి, లాడిల్ పట్టుకుని కెమెరా వైపు నవ్వాలట. కుదరదని చెప్పాను. 1955లో యూజీన్ స్మిత్ అనే ఫొటోగ్రాఫర్ అమెరికాలోని పిట్స్‌బర్గ్ వెళ్లాడు. మూడు వారాల్లో నూరు ఫొటోలు తెమ్మంటే అక్కడే ఉండిపోయి సుమారు 17,000 తీశాడు. అందులో ఒక ఉక్కు కార్మికుడి ఫొటో ఉంది. కళ్లద్దాలు తీయలేదు, ఆ అద్దాల్లోనే మంటలు కనిపిస్తాయి. దాన్ని ఫోన్లో చూపించాను. ఆయన చాలాసేపు చూసి జాబితాలో ఆ వరుస కొట్టేశాడు.

నీ సంగతి మాత్రం ఆయనకు చెప్పలేదు. నాకు పదేళ్లప్పుడు పేపరతను ఫొటో కోసం మన కొలిమికి వచ్చాడు. దాకలి మీద కర్రు ఎర్రగా ఉంది. సుత్తె పైకెత్తి అట్లనే ఆగమన్నాడు, మళ్లీ ఆగమన్నాడు. మూడోసారికి కర్రు నల్లబడింది. నువ్వేమీ అనకుండా దాన్ని మళ్లీ నిప్పుల్లో పెట్టావు. పేపర్లో వచ్చిన ఫొటో ఊరంతా చూసి మెచ్చుకుంది. నువ్వు ఒక్కసారి చూసి, "చల్లారిన ఇనుమును ఎవడు కొడతడురా" అని పక్కన పెట్టావు. నేను ఈ పని నేర్చుకున్నది ఆ మాట దగ్గరే.

గాజువాక
బుధవారం రాత్రి

బాపూ,

రేపే షూటింగ్. ఇవాళ టీ వేళ పోత పనివాళ్లతో కూర్చున్నాను. ఎక్కువమంది శ్రీకాకుళం వాళ్లు, కొందరు ఒడిశా వాళ్లు. ఫొటోలు ఎక్కడ వాడతారో చెప్పి, ఇష్టమేనా అని ఒక్కొక్కరినీ అడిగాను. ఒకతను వద్దన్నాడు. అతను లాడిల్ దగ్గరున్నప్పుడు కెమెరా దించేస్తానని మాటిచ్చాను. ఇంకొకతను అచ్చు ఇసుకను పిడికిట్లో నొక్కి, వేళ్లు తెరిచి, విరగకుండా నిలిచిన ముద్దను చూపించాడు. తడి సరిపోయిందో లేదో చేతికే తెలుస్తుందన్నాడు. ఆ అరచేతి గీతలన్నీ ఇసుక మీద అచ్చుపడ్డాయి. రేపు నా మొదటి ఫొటో అదే. ఇంట్లో వాళ్లు చూసుకుంటారు, ఒక ప్రింటు ఇమ్మని అడిగాడు. అడిగిన అందరికీ ప్రింట్లు ఇవ్వాలని కంపెనీతో కాగితం మీద రాయించుకున్నాను.

బ్యాటరీలు చార్జింగులో ఉన్నాయి. నాలుగున్నరకు గేటు దగ్గర ఉండాలి.

దసరాకు వస్తున్నాను. బొగ్గు బస్తా నేను తెస్తాను. ఒక కర్రు పని నా కోసం ఉంచు బాపూ.