పెద్దమ్మ లక్క గాజు

రొద్దంలో మా అక్క ఇల్లు. స్టవ్ మీద గిన్నెలో నీళ్లు వేడెక్కుతున్నాయి. అక్క కూతురు అందులో గుప్పెడు తెల్లటి గింజలు పోసింది. అచ్చం సగ్గుబియ్యమే అనుకున్నాను. కాసేపటికి అవి సగ్గుబియ్యం ఉడికినట్టే తెల్లదనం పోయి అద్దంలా తేటబడి, ఒకదానికొకటి అంటుకుని ముద్దయ్యాయి. గరిటెతో ముద్దను తీసి, చపాతీ పిండిలా మదాయించి, గోటితో గీతలు పెట్టి, రెండు మామిడి పిందెలు చేసింది. పిన్నీసుతో బెజ్జం పొడిచింది. ఐదు నిమిషాల్లో అవి మళ్లీ తెల్లబడి గట్టిపడ్డాయి. రంగేసి కొక్కెం తగిలిస్తే జుంకాలు.

"అరవై డిగ్రీలు చాలు మామా, నీళ్లు మరగాల్సిన పనే లేదు" అంది. ఆ ప్లాస్టిక్ పేరు పాలీకాప్రోలాక్టోన్. హిందూపురం కాలేజీలో తోటి పిల్లలకు అమ్ముతోంది. జడ క్లిప్పులు, చీర పిన్నులు, లాకెట్లు కూడా చేస్తోంది.

ఏప్రిల్లో పెనుకొండ పెళ్లికి పోయినప్పుడు మండపం ముందు ఎండలో కారు ఆపాం. రెండు జతల జుంకాలు డ్యాష్‌బోర్డు మీద ఉండిపోయాయి. తిరిగొచ్చి చూస్తే పిందెలు అప్పడాల్లా సాగిపోయి ఉన్నాయి. మా సీమ ఎండకు తలుపులు మూసిన కారు ఎంత కాగుతుందో వేరే చెప్పనక్కరలేదు. పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఇంటికొచ్చి వాటిని మళ్లీ వేణ్నీళ్లలో వేసింది. సాయంత్రానికి పిందెల స్థానంలో నెమళ్లు తయారు.

వసారాలో చింతపండు గింజ తీస్తూ ఇదంతా చూస్తున్న పెద్దమ్మ, "ఇది లక్క పనే కదే. పేరు మార్చి అమ్ముతా ఉండారా?" అని లేచి లోపలికి పోయింది. పెట్టె అడుగునుంచి పాత రవికెగుడ్డలో చుట్టిన గాజు తెచ్చి నా చేతిలో పెట్టింది. ముదురు ఎరుపు, మధ్యలో చిన్న చిన్న అద్దాలు. ఒకచోట లక్క పగిలి రాలిపోయింది, లోపలి ఇత్తడి చుట్టు బయటికి కనిపిస్తోంది. పెళ్లయిన కొత్తలో పెదనాన్న హైదరాబాదునుంచి తెచ్చిన జతలో మిగిలింది ఇదొక్కటే.

"నువ్వు హైదరాబాదు పోతావుంటావు కదా నాయనా. చేసినోళ్లే అతికిస్తారు. అడిగి చూడు."

హిందూపురంలో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి కాచిగూడ. గాజును చొక్కా జేబులో పెట్టుకుని చార్మినార్‌ దాకా ఆటోలో, అక్కడినుంచి నడక. 1591 నాటి ఆ మినార్ల పడమటి పక్కన మొదలయ్యే వీధే లాడ్ బజార్. లాఖ్ అంటే లక్క, ఆ మాటనుంచే లాడ్ వచ్చిందని కొందరు, లాడ్ అంటే గారాబమని ఇంకొందరు చెబుతారు. ఆ వీధిలో గాజుల రాళ్లమీద దీపాల వెలుగు పడి మెరవడం చూశాక రెండూ నిజమేననిపిస్తుంది నాకు.

నాలుగు దుకాణాల్లో చూపించాను. కొత్తవి కొనుక్కోమన్నారు, అదీ మర్యాదగానే. ఐదో దుకాణంలో పెద్దాయన గాజును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, పక్క సందులో మేడమీదికి పొమ్మన్నాడు.

ఇరుకు మెట్లు. పైన ఒకే గది, కిటికీ పక్కన కుంపటి, దాని ముందు పీటమీద ఒకాయన. అరవై దాటుంటాయి. మా హిందూపురం బజార్లో నేర్చుకున్న ఉర్దూతో "సలాం చాచా" అన్నాను. ఆయన తెలుగులోనే "రా బాబూ, కూచో" అన్నాడు. కుంపట్లో బొగ్గులు మంట లేకుండా కణకణలాడుతున్నాయి. ఫ్యాను ఉంది గాని వెయ్యలేదు. గాలి తగిలితే లక్క ఒకపక్క ముందే బిగుసుకుంటుందట. ఆ ఉక్కలోనే రోజంతా కూర్చుంటాడు.

ముందు తన పని చూపించాడు. లక్కలో గుగ్గిలం, మెత్తటి రాతిపొడి కలిపి కాచిన ముద్ద నల్లగా, బెల్లం అచ్చులా ఉంది. దాన్ని కర్ర కొసకు తగిలించి బొగ్గుల పైన, బొగ్గులకు తగలకుండా తిప్పుతాడు. మెత్తబడగానే పీటమీద చెక్కపట్టెతో దొర్లించి సన్నటి కడ్డీ చేస్తాడు. రంగు లక్క కణికను వేడిచేసి దానిమీద రుద్దితే నలుపంతా మునిగిపోయి ఎరుపో పచ్చో పైకొస్తుంది. ఆ కడ్డీని ఇత్తడి చుట్టుమీద పరిచి, కొసలు కలిపి, కొలత ప్రకారం నున్నగా చెక్కిన గుండ్రటి కర్రకు తొడిగి తిప్పుతాడు. చివరికి గాజును మళ్లీ కాస్త వెచ్చజేసి, పట్టకారుతో ఒక్కో రాయీ ఎత్తి లక్కలో కూర్చోబెడతాడు. జిగురు అక్కర్లేదు. చల్లారే లక్కే రాయిని పట్టేసుకుంటుంది. జిగురుతో అంటించిన గాజులూ బజార్లో దొరుకుతాయి. అవి చవక, చూపుకు తేడా తెలియదు. "చెమట తగిలితే రాయి రాలిపోతుంది. లక్కలో పెట్టిన రాయి గాజు పగిలినా రాలదు" అన్నాడు చాచా.

నన్ను పట్టేసింది ఆయన చూపు. థర్మామీటరు లేదు, గడియారం లేదు. లక్క పైపూత మసకగా ఉన్నంతసేపూ ముట్టుకోడు. నీళ్లు చిలికినట్టు నిగనిగలాడగానే అందుకుంటాడు. ఆ క్షణం దాటితే అది దారాలుగా సాగి వేళ్లకు చుట్టుకుంటుంది. లక్క అరవై అయిదు, డెబ్భై డిగ్రీల మధ్య మెత్తబడుతుందని పుస్తకాల్లో చదివాను. మా పిల్ల గింజలకూ దీనికీ పెద్ద తేడా లేదు. అతిగా, ఎక్కువసేపు కాస్తే మాత్రం లక్క లోపల్లోపలే బిగిసిపోయి ఇక ఎన్నటికీ కరగదు. "అప్పుడది చచ్చిన లక్క" అన్నాడాయన. ఆయన కుంపటికి మంట లేకపోవడం అందుకే.

లక్క పురుగు ఒంట్లోంచి వస్తుంది. మోదుగ, రేగు, కుసుమ్ చెట్ల లేతకొమ్మల మీద కంటికి ఆనని పురుగులు వేలకు వేలు చేరి రసం పీల్చి, తమచుట్టూ తామే ఈ బంకను గూడులా కట్టుకుంటాయి. ఆ కొమ్మలు నరికి గీకితే లక్క. మన దేశంలో ఎక్కువగా జార్ఖండ్ అడవి పల్లెల్లో పండుతుంది. దీనికోసమే 1924లో రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో పరిశోధన సంస్థ పెట్టారు. మేము విస్తర్లు కుట్టే మోదుగ, పిల్లలప్పుడు ముళ్లు గీరుకుంటూ కాయలేరుకున్న రేగు ఈ పురుగుకు పుట్టిళ్లని తెలిశాక ఆ చెట్లమీద గౌరవం పెరిగింది. ఒకప్పుడు పెళ్లికూతురి పాదాలకు పెట్టిన లత్తుక ఈ లక్క ఎరుపే. కంసాలి బోలు గుండ్లలో నింపేదీ ఇదే. మా ఊరి పోస్టాఫీసులో సంచి మూతికి కొవ్వొత్తి మంట దగ్గర కరిగించి ముద్ర గుద్దినదీ లక్కే. ఆ వాసన కోసమే చిన్నప్పుడు కిటికీ దగ్గర నిలబడేవాణ్ణి. చాచా గదిలో అదే వాసన.

వినైల్ రాకముందు గ్రామఫోన్ రికార్డులు, నిమిషానికి 78 చుట్లు తిరిగేవి, లక్కతోనే అచ్చొత్తేవారు. తొలి రోజుల్లో కరెంటు సామాన్లకూ లక్కే పూత. గిరాకీ పెరిగి లక్క చాలక, దానికి బదులు వెతుకుతూ పోయిన లియో బేక్‌లాండ్ 1907లో బేకలైట్ కనిపెట్టాడు. పూర్తిగా మనిషి చేసిన మొదటి ప్లాస్టిక్ అది. పాత నల్ల స్విచ్చులు, కుక్కర్ పిడులు దానివే. అయితే బేకలైట్ ఒకసారి బిగిస్తే బిగిసినట్టే, మళ్లీ వేడి చేసినా లొంగదు. లక్క లొంగుతుంది. పెద్దమ్మ అన్నదాంట్లో ఒక్కటే సవరణ: అరవై డిగ్రీల గింజలు లక్కకు మారుపేరు కాదు, కానీ లక్క నేర్పిన గుణమే వాటిది.

ఇక పెద్దమ్మ గాజు. చాచా దాన్ని అటూఇటూ తిప్పి, కొలకర్ర అవసరం లేకుండానే "రెండు నాలుగు" అన్నాడు. గాజుల కొలత లోపలి వెడల్పు. రెండంగుళాలు, పైన అంగుళాన్ని పదహారు భాగాలు చేస్తే అందులో నాలుగు. రెండు ఆరు అంటే ఇంకో రెండు భాగాలు ఎక్కువ. వెంటనే ఆయన అడిగిన మాటకు నా దగ్గర జవాబు లేదు.

"ఇప్పుడు ఆమె చేతికి పడుతుందా?"

నాకు ఆ ఆలోచనే రాలేదు. పెద్దమ్మకు డెబ్భై దాటాయి, వేళ్ల కణుపులు లావయ్యాయి. ఇంటికి ఫోన్ చేశాను. పిల్ల పెద్దమ్మ బొటనవేలిని అరచేతిలోకి మడిపించి, కణుపుల చుట్టూ దారం చుట్టి, స్కేలు మీద పెట్టి కొలిచింది.

"పందొమ్మిది సెంటీమీటర్లు మామా."

"రెండు ఆరు కావాలి" అన్నాడు చాచా. "విరిగింది మంచిదే అయ్యింది. విరగని గాజును పెంచలేను."

లోపలి ఇత్తడి చుట్టు కొసలు ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉన్నాయి. పగిలినచోట మిగిలిన లక్కను కుంపటి పైన వెచ్చజేసి, కొసలను చిటికెన వేలి గోరంత దూరం జరిపాడు. ఒక సెంటీమీటరు. రెండు నాలుగుకూ రెండు ఆరుకూ చుట్టుకొలతలో తేడా సరిగ్గా అంతే. ఖాళీలో నల్ల లక్క నింపాడు. ఎరుపు కోసం మూడు కణికలు తీసి కిటికీ వెలుగులో గాజు పక్కన పెట్టి చూశాడు. ఏదీ కలవలేదు. ఒకదానిమీద ఇంకొకటి పల్చగా రుద్దాడు, కలిసింది. నీళ్లలో వేలు ముంచి అతుకును నిమిరాడు. కర్రకు తొడిగి తిప్పాడు. లక్కతోపాటు రాలిపోయిన అద్దాలు మూడు. డబ్బాలోంచి ముక్కలు ఏరి, ఒక్కోటీ పట్టకారుతో పెట్టి గోటితో నొక్కాడు. ఆ గోటి పక్కన చర్మం పాత కాలుడు మచ్చలతో తోలులా ఉంది.

అది చల్లారేలోపు మాటల్లో పడ్డాం. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగు, వచ్చింది. సంతోషమేనన్నాడు. కానీ కుంపటి ముందు కూర్చునేవాళ్లు తగ్గిపోతున్నారు. కొడుకులు వేరే పనుల్లో ఉన్నారు. రాళ్లు పెట్టే పని ఎక్కువగా చుట్టుపక్కల ఇళ్లలో ఆడవాళ్లు చేస్తారు, జతకింతని కూలి. కొనేవాడు బేరమాడితే ఆ కోత చివరికి ఆమె కూలిలోనే పడుతుంది.

ఈ గాజుల మెరుపు వెనక చీకటీ ఉంది. 2015 జనవరిలో పాతబస్తీలో గాజుల పనిచేసే గదులనుంచి 200 మందికి పైగా పిల్లలను పోలీసులు విడిపించారు. చాలామంది బీహార్‌నుంచి తెచ్చినవాళ్లే. కిటికీలు లేని గదుల్లో పొద్దుననుంచి రాత్రిదాకా రాళ్లు అతికించిన చిన్న చిన్న వేళ్లవి. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. చాచాతో అంటే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పిల్లవాడి చేతికి కుంపటి ఇవ్వకూడదు. నేను పద్దెనిమిదేళ్లకు కూర్చున్నా, అదీ మా అబ్బా పక్కన" అన్నాడు. గాజు కొనేటప్పుడు ఎవరు చేశారని అడగడం మన పని. అడిగితే చెప్పే దుకాణాలున్నాయి.

కూలి ఎంతని అడిగితే చాలా తక్కువ చెప్పాడు. ఇంకొంచెం ఇవ్వబోతే, దానికి బదులు ఒక జత కొనుక్కోమన్నాడు. అక్క కూతురికి ఆకుపచ్చ జత తీసుకున్నాను. ఆమె ప్లాస్టిక్ గింజల సంగతి చెప్పి, ఫోన్లో నెమళ్ల ఫొటో చూపించాను. పెద్దది చేసి చూశాడు. "తోక దగ్గర వేడి చాల్లేదు, గీత మొద్దుబారింది. నీళ్లలో కాదు, గీసే సూదిని వేడిచెయ్యమను" అన్నాడు. మెట్లు దిగుతుంటే వెనకనుంచి కేక: "ఎండలో పెట్టొద్దని చెప్పు. పొయ్యి దగ్గర కూడా!"

రొద్దం చేరేసరికి పిల్ల సూది వేడిచేసే మాట ఫోన్లో ముందే వినేసి, నెమలి తోకమీద పరీక్ష మొదలెట్టింది. పెద్దమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుని, బొటనవేలు లోపలికి మడిచి ముందుకు చాపింది. గాజు కణుపుల దగ్గర ఒక్క క్షణం ఆగి, జారి మణికట్టుమీద పడింది. చాలాసేపు తిప్పుతూ చూసుకుంది.

"అతుకు యాడుందిరా?"

వెతికాను. చాచా చేస్తుంటే కళ్లారా చూసినవాణ్ణే, కనుక్కోలేకపోయాను. పిల్ల ఆ చేతిని కిటికీ దగ్గరికి తీసుకుపోయి, వేలికొసతో చుట్టూ తడిమి, ఒకచోట ఆపింది. "ఇక్కడ. కొంచెం నున్నగా ఉంది."

పెరట్లో శెనక్కాయలు ఎండబోశారు. వాటిని తిరగదోయడానికి పెద్దమ్మ బయటికి నడిచింది. గడప దాటేముందు కొంగు లాగి గాజు చేతిమీదికి కప్పుకుంది.