పొయ్యిరాళ్లు

కూనవరం వద్ద శబరిని కలుపుకొన్న గోదావరి కొంతదూరం నిదానంగా సాగి, పాపికొండల నడుమకు వచ్చేసరికి ఒక్కసారిగా ఒదిగిపోతుంది. ఎగువన అంత వెడల్పుగా పారిన నది ఇదేనా అని చూసేవారికి సందేహం కలుగుతుంది. నది పాపిట తీసినట్లు కొండలను చీల్చుకొని పోవడంవల్ల వాటికి ఆ పేరు వచ్చిందని అక్కడివారంటారు.

1994 జనవరిలో కూనవరం నుండి రాజమండ్రికి వస్తున్న మా లాంచి, పేరంటపల్లి దాటిన తరువాత ఆ ఇరుకులోనే మొరాయించింది. సరంగు గంటసేపు యంత్రంతో కుస్తీపట్టి, చివరకు గెడ వేయించి ఒక ఇసుకతిన్నెకు చేర్చాడు. తెల్లవారి మరొక లాంచి వస్తేగాని కదలిక లేదు. మేము పదముగ్గురం, అందులో ముగ్గురు పసివాళ్లు. పొద్దు కొండల వెనుకకు జారగానే చలిగాలి నది వెంబడి దూసుకొని రాసాగింది. మధ్యాహ్నం నుండి ఎవరి కడుపులోను ఏమీ లేదు.

లాంచిలో ఉన్న పాత్ర ఒకే ఒక సత్తు గుండిగ. సంతనుండి వస్తున్న వర్తకుడొకడు రెండు కిలోల బియ్యం, అరకిలో కందిపప్పు ఇచ్చాడు. వెంటనే వాటి ధర కూడా చెప్పాడు. అది వేరే సంగతి. ఒకరి సంచిలో వంకాయలు, ఉల్లిపాయలు, మరొకరి మూటలో చింతపండు, ఎండుమిర్చి బయటపడ్డాయి. ఉప్పు, నూనె సరంగువి. మాతో ప్రయాణిస్తున్న కొండరెడ్డి ముసలమ్మ తన గంపలోని పచ్చి కందికాయలను మారుమాట లేకుండా కుమ్మరించింది. ఆ తరువాత వంట పెత్తనం కూడా ఆమెదే అయింది.

వర్తకుడు ఉత్సాహంగా నీటి అంచునుండి నున్నని గుండ్రాళ్లు మూడు తెచ్చాడు. ఆమె వాటిని అవతలకు దొర్లించింది.

"నీళ్లల్లో నానిన రాయి నిప్పుల్లో పేలుద్ది బాబూ. కంట్లో పడితే ఎవరు చూత్తారు?"

రాతి సందులలోని నీరు వేడికి ఆవిరై రాతిని పగలగొడుతుందని మేము చదువుకున్న పుస్తకాలలోనూ ఉంది. కాని ఆ క్షణాన మాలో ఒక్కరికీ గుర్తుకు రాలేదు. కొండ మొదట ఎండి పడివున్న రాళ్లు తెప్పించి, గాలికి ఎదురు కాకుండా ఇసుకలో గుంట తీయించి నిలబెట్టింది. వరదలకు కొట్టుకొచ్చిన కర్రలు గట్టుమీద కావలసినన్ని. మా తలలకు ఎంతో ఎత్తున ఒక చెట్టు పంగలో ఇరుక్కొన్న దుంగను సరంగు చూపించాడు. 1986 ఆగస్టు వరద దానిని అక్కడ పెట్టిందట. ఆ వరదలో భద్రాచలం వద్ద నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది.

గుండిగ వెలుపల తడిమన్ను పూసి పొయ్యి మీద పెట్టింది. మసి అంటుకోకుండా ఉండడానికి. ముందు కందిపప్పు ఒక్కటే నీళ్లలో పడింది. పిల్లల ఏడుపు వినలేక అన్నీ ఒకేసారి వేసేద్దామన్నాడు వర్తకుడు.

"పులుపు ముందు పడితే పప్పు రేపటిదాకా ఉడకదు," అన్నది ముసలమ్మ.

ఆమె మాటలో పిసరంత అతిశయోక్తి ఉండవచ్చు గాని తప్పులేదు. పప్పు సగం మెత్తబడ్డాక బియ్యం, ఒలిచిన కందిగింజలు, ఉల్లి, వంకాయ వేసింది. బియ్యం పలుకు విడిచిన తరువాతనే చింతపండు రసం. అంతవరకు నాలుకలు చాచిన మంటను, కర్రలు వెనక్కు లాగి ఒక్క నిమిషంలో అణచింది. చీల్చిన వెదురుబద్దతో అడుగు కలిపి, మూత పెట్టి, మూతమీద నాలుగు నిప్పులు వేసింది. ఆ పావుగంట మా అందరికీ ఒక యుగం. ఎవరూ మాట్లాడలేదు. నది చప్పుడు, మూతకింద బుడబుడ.

మూత తీయగానే వచ్చిన పొగకంపు కలిసిన ఆ కమ్మని వాసనను ఏ వంటింటిలోను నేను మళ్లీ ఎరుగను. అడ్డాకులలో వడ్డించుకొని, వేళ్లు కాలుతూండగానే తిన్నాం. పిల్లలకు ముందు. అడుగంటిన మాడు కోసం పెద్దల మధ్య చిన్న తగవు కూడా వచ్చింది. వర్తకుడు రెండుసార్లు మారు అడిగాడు; ధర ప్రసక్తి మళ్లీ ఎత్తలేదు.

తెల్లవారి గుండిగను గుప్పెడు ఇసుకతో రుద్దితే మన్నుతోబాటు మసి ఊడివచ్చింది. పొయ్యిరాళ్లను కుర్రవాడొకడు నదిలోకి విసరబోగా ముసలమ్మ వారించింది. వాటిని పైకి మోయించి, దుంగ ఇరుక్కొన్న చెట్టు మొదట పెట్టించింది. మళ్లీ వచ్చేవారికి ఎండు రాళ్లు ఉండాలి గదా అన్నది.

2021లో పోలవరం వద్ద నదిని అడ్డగించి స్పిల్‌వే మీదుగా మళ్లించారు. ఎగువన దేవీపట్నం మండలంలోని ఎన్నో ఊళ్లు నీటి పాలయ్యాయి; వాటి ప్రజలు పునరావాస కాలనీలకు తరలిపోయారు. జలాశయం నిండితే నీటిమట్టం 45.72 మీటర్లకు చేరుతుంది. ఈమధ్య ఆ దారిన వెళ్లినప్పుడు, తిన్నె ఉండవలసిన చోట మా లాంచి నిలకడైన నీటిమీద సాగిపోయింది. గట్టుమీద ఆ చెట్టు కోసం చాలాసేపు చూశాను. పోల్చుకోలేకపోయాను.