బాక్సు వచ్చిందా?

మన పత్రికలో అమర్‌నాథ్ వెళ్ళినవారు రాశారు, సింగపూరు వెళ్ళినవారు రాశారు. మీరూ ఏదైనా ప్రయాణం గురించి రాయండని సంపాదకులు నన్నడిగారు. బ్యాంకు ఉద్యోగికి ట్రాన్స్‌ఫర్లు తప్ప వేరే ప్రయాణాలేముంటాయి? అందుకని మా ఊరి గురించే రాస్తున్నాను. 2025 ఏప్రిల్ నెలాఖరున నాన్నగారి దగ్గరికి వెళ్ళినప్పటి సంగతి ఇది.

మా ఊరు రాయచూరు జిల్లా సింధనూరు తాలూకాలో ఒక క్యాంపు. రాయచూరులో బస్సెక్కితే మాన్వి మీదుగా రెండు గంటల పైనే పడుతుంది. 2024లో సింధనూరుకు రైలు కూడా వచ్చింది. కానీ బెంగుళూరు నుంచి వచ్చే నాకు ఇప్పటికీ రాత్రి బస్సే అలవాటు. తెల్లవారుజామున కాలువ గట్టు దగ్గర దిగితే మొదట తగిలేది తడి మట్టి వాసన, తర్వాత రైసుమిల్లు ఊక వాసన. ఆ రెండూ కలిస్తేనే నాకు ఇల్లు చేరినట్టు.

క్యాంపు అంటే ఏమిటని మా పిల్లలే అడుగుతుంటారు, కాబట్టి రెండు ముక్కలు చెబుతాను. 1953లో తుంగభద్ర ఆనకట్ట నుంచి నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ గంగావతి, సింధనూరు, మాన్వి మీదుగా రాయచూరు వైపు సాగింది. అంతవరకూ ఇక్కడంతా వానమీద ఆధారపడ్డ నల్లరేగడి, జొన్నా పత్తీ పండే నేల. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులకు వరి తెలుసు, కాలువ తెలుసు. అక్కడ ఒక ఎకరం అమ్ముకుంటే ఇక్కడ చాలా ఎకరాలు వచ్చేవి. అలా వచ్చినవాళ్ళు పొలాల మధ్యే పాకలు వేసుకున్నారు, అవే క్యాంపులు. మా నాన్నగారు రేపల్లె దగ్గరి ఊరు నుంచి 1964లో, ఇరవై రెండేళ్ళ వయసులో, పెదనాన్నగారితో వచ్చారు. తర్వాతి రోజుల్లో తూర్పు పాకిస్తాను నుంచి వచ్చిన బెంగాలీ కాందిశీకులకు కూడా సింధనూరు దగ్గరే క్యాంపులు వేశారు. అందుకే మా సంతలో కన్నడం, తెలుగు, ఉర్దూ, బెంగాలీ నాలుగూ వినపడతాయి. 1997లో కొప్పళ జిల్లా ఏర్పడి గంగావతి అటు పోయింది, సింధనూరు రాయచూరులోనే ఉంది.

మా చదువు కన్నడంలో సాగింది. తెలుగు అక్షరాలు నాకు నేర్పిన గురువు సినిమా వాల్‌పోస్టరు. ‘చందమామ’ దొరికిన నెలల్లో అది, దొరకని నెలల్లో పోస్టరు. ఒక చిత్రం ఏమిటంటే, 1956లో మా జిల్లా హైదరాబాదు రాష్ట్రం నుంచి మైసూరు రాష్ట్రంలోకి మారినా, సినిమా వ్యాపారంవాళ్ళు మాత్రం రాయచూరును నైజాం ఏరియాలోనే ఉంచారు. కాబట్టి తెలుగు బొమ్మ హైదరాబాదు లెక్కలోనే మాకూ వచ్చేది. కాకపోతే ప్రింట్లు కొన్నే ఉంటాయి, పెద్ద ఊళ్ళలో ఆడి ఆడి మా వరకు రావాలి. రీళ్ళున్న రేకు పెట్టెను బాక్సు అనేవాళ్ళం. హాలు ముందు ఎవరు ఎవరికి ఎదురైనా మొదటి మాట ‘బాక్సు వచ్చిందా?’ అనే.

ఆ పెట్టె కోసం ఎందుకంత ఆరాటం అంటే, మాకు సినిమా అంటే కథ ఒక్కటే కాదు. కొబ్బరిచెట్లు, పంట కాలువమీద పడవ, గుడి గోపురం కనబడగానే మా అమ్మ పక్కవాళ్ళను మోచేత్తో పొడిచి, ‘అది మనవైపే’ అనేది. సగం సార్లు అది మద్రాసు దగ్గరో మైసూరు దగ్గరో తీసినదై ఉంటుంది. అయినా అమ్మకు అది మనవైపే.

1990 మే 9న ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ విడుదలైంది. రాఘవేంద్రరావు గారి దర్శకత్వం, అశ్వనీదత్ గారి నిర్మాణం, ఇళయరాజా సంగీతం. చిరంజీవి అందులో టూరిస్టు గైడు. హిమాలయాలకు వెళ్ళడం, మానససరోవరం దగ్గర ఇంద్రుడి కూతురు ఉంగరం పోగొట్టుకోవడం మీ అందరికీ తెలిసిందే. బి.కాం. ఆఖరి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న ఇరవై ఏళ్ళవాణ్ణి. మా కుర్రాళ్ళం హాలుకు తోరణాలు కట్టడానికి చందాలు వసూలు చేశాం. కామర్సు విద్యార్థినని లెక్కల పుస్తకం నాకు అప్పగించారు.

అదే రోజున, మే 9నే, కృష్ణా ముఖద్వారం దగ్గర తుఫాను తీరం దాటింది. 1977 నవంబరు ఉప్పెనలో పదివేలమందికి పైగా పోయిన సీమ అది. ఈసారి హెచ్చరికలు ముందే అందడంవల్ల లక్షమందికి పైగా జనాన్ని తరలించారు, అయినా వెయ్యిమంది దాకా చనిపోయారు. నాన్నగారు రేడియో దగ్గర్నుంచి లేవలేదు. మా మేనత్త ఇల్లు రేపల్లె దగ్గరే. రైసుమిల్లులో ఫోను ఉండేది. ట్రంకాల్ బుక్ చేస్తే లైన్లు లేవన్నారు.

రెండోరోజు పొద్దున నాన్నగారు నన్ను పిలిచి, ‘ఒరే, నువ్వొకసారి వెళ్ళి అత్తయ్యను చూసిరా. నేను వెళ్తే ఇక్కడ ధాన్యం కళ్ళంలో ఉంది’ అన్నారు.

‘ఎల్లుండి వెళ్తాను నాన్నా’ అన్నాను.

ఎందుకు ఎల్లుండి అని ఆయన అడగలేదు. మర్నాడు బాక్సు వస్తుందని హాలువాళ్ళు చెప్పారని నేనూ చెప్పలేదు. తెల్లారి లేచేసరికి నాన్నగారు లేరు. చేతిసంచీ తీసుకుని బళ్ళారి బస్సుకు వెళ్ళిపోయారని అమ్మ చెప్పింది. బళ్ళారి నుంచి గుంతకల్లు, అక్కణ్ణుంచి మీటర్‌గేజి రైల్లో గుంటూరు, ఆపైన తెనాలి. అప్పట్లో అది రెండు రోజుల ప్రయాణం. తుఫాను తర్వాత ఎన్నాళ్ళు పట్టిందో నేను లెక్కపెట్టలేదు.

బాక్సు ఆ మర్నాడు రాలేదు, ఆ వారం కూడా రాలేదు. పదోరోజున నాన్నగారు వచ్చారు. గడ్డం పెరిగి ఉంది. అత్తయ్యా పిల్లలూ క్షేమమనీ, ఇల్లు పడిపోయిందనీ, గేదెలు పోయాయనీ అమ్మతో చెప్పారు. నన్నొక్క మాట అనలేదు. ఆ ఏడు మా ధాన్యంలో పది బస్తాలు లారీమీద రేపల్లెకు వెళ్ళాయి. లోడు ఎత్తించింది నేనే. సినిమా మాకు చాలా వారాల తర్వాత వచ్చింది. మొదటి ఆట చూశాను. కాగితం ముక్కలు కూడా ఎగరేశాను, అబద్ధమెందుకు.

తర్వాత బ్యాంకు పరీక్ష రాశాను, ఉద్యోగం వచ్చింది, ఊళ్ళు తిరిగాను. ముప్ఫైఅయిదేళ్ళు గడిచాయి.

2025 మే 9న అదే సినిమాను మళ్ళీ విడుదల చేస్తున్నారని మా మేనల్లుడు చెప్పాడు. దాని నెగటివ్ దొరకక ఏళ్ళతరబడి వెతికి, దొరికిన పాత ప్రింటును శుభ్రంచేసి, 8కె లో స్కాన్ చేసి, 4కె లో తయారుచేశారట. మామూలుగానూ, త్రీడీలోనూ చూడవచ్చన్నాడు. ఇలాంటి నిరీక్షణ మన ఒక్కరిదే కాదు. 1952 సెప్టెంబరు 30న న్యూయార్కులో ‘దిస్ ఈజ్ సినెరామా’ అనే చిత్రం వచ్చింది. మూడు ప్రొజెక్టర్లతో వంపు తిరిగిన పెద్ద తెర నిండా వేసేవారు. దానికి కథ లేదు, వెనిస్ పడవలూ నయాగరా జలపాతమూ, అలా ప్రయాణమే కథ. ఫిల్ము రంగులు వెలిసిపోతే అభిమానులు పూనుకుని బాగుచేయించారు. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ మ్యూజియంలో అలాంటి తెర ఇప్పటికీ ఉంది. దానికోసమే ఎక్కడెక్కడినుంచో ముసలివాళ్ళు వస్తారట. ఆ ముసలివాళ్ళను నేను బాగా అర్థం చేసుకోగలను. వాళ్ళు వెనిస్‌ను చూడటానికి వెళ్ళరు, వెనిస్‌ను మొదట చూసిన సాయంత్రాన్ని చూడటానికి వెళతారు.

ఏప్రిల్ నెలాఖరున క్యాంపుకు వెళ్ళింది నాన్నగారిని హైదరాబాదు తీసుకువెళ్ళడానికి. అక్కడ మా చెల్లెలి ఇంట్లో ఉండి కళ్ళు చూపించుకోవాలి. రబీ కోతలు అయిపోయి పొలాలు బోడిగా ఉన్నాయి. 2024 ఆగస్టులో తుంగభద్ర 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు మా కాలువకింద రైతులు నిద్రపోలేదు. నాన్నగారు ఇప్పటికీ మాట మధ్యలో ఆ గేటు సంగతి ఎత్తుతారు. మేము బాక్సుల కోసం పడిగాపులు కాసిన హాలు ఉన్నచోట ఇప్పుడు ట్రాక్టరు విడిభాగాల దుకాణం. మా రోజుల్లో నాకు తోడుగా తోరణాలు కట్టిన కన్నడ మిత్రుడు అక్కడే కనిపించి, తెలుగులోనే పలకరించాడు. అతనికి తెలుగు చదవడం రాదు, ఆ సినిమాలో సంభాషణలు మాత్రం ఇప్పటికీ వచ్చు. మా క్యాంపు పిల్లలు దానికి తారుమారు. తెలుగు మాట్లాడతారు, పోస్టరు ఇచ్చినా చదవలేరు, ఎందుకంటే గోడమీద పోస్టరే లేదు.

రాత్రి మంచం వాకిట్లో వేసుకున్నప్పుడు నాన్నగారితో, ‘హైదరాబాదులో ఒక పాత సినిమా మళ్ళీ వేస్తున్నారు, చూద్దామా?’ అన్నాను. పేరు చెప్పాను. చెప్పాక నాకే నోరు ఎండిపోయింది.

‘శ్రీదేవి ఉంగరం పోగొట్టుకుంటుంది, అదేనా?’ అన్నారు.

‘మీరు చూశారా? ఎప్పుడు?’

‘నువ్వు చూడకముందే చూశాను. తుఫానప్పుడు తెనాల్లో.’

మిగతాది మెల్లగా చెప్పారు. అత్తయ్య పిల్లలిద్దరూ ఆ రాత్రంతా బడి భవనంలో నీళ్ళ మధ్య గడిపారట. చిన్నవాడు వారంనుంచి మాట్లాడటం లేదు. వాణ్ణి డాక్టరుకు చూపించడానికి తెనాలి తీసుకువెళితే, హాలు ముందు బొమ్మ చూసి అక్కడే నిలబడిపోయాడట. ‘ఏరా, చూస్తావా అంటే తలూపాడు. సగంలోనే నాకు నిద్ర పట్టేసింది. వాడు నన్ను లేపి, మావయ్యా, ఆమె ఎగురుతోంది చూడు అన్నాడు. అదే మొదటి మాట.’

ఇంటికొచ్చాక నాకెందుకు చెప్పలేదని అడిగాను.

‘నువ్వు దానికోసం కాచుక్కూర్చున్నావని మీ అమ్మ చెప్పింది. నేను ముందే చూశానంటే నీకు కష్టంగా ఉంటుందని’ అన్నారు.

నేను వెళ్ళనందుకు కోపం వచ్చిందా అని అడగాలనుకున్నాను. ఆయన అప్పటికే అటు తిరిగి పడుకున్నారు. నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

హైదరాబాదులో మామూలు ఆటకే టిక్కెట్లు తీసుకున్నాం. ఉన్న కళ్ళజోడుమీద మరో కళ్ళజోడు నావల్ల కాదని నాన్నగారు ముందే చెప్పారు. హాలు నిండా జనం, చాలామంది ఆ సినిమా తర్వాత పుట్టినవాళ్ళు. ఇప్పుడు బాక్సు రాదు, డిస్కులో వస్తుందట. అయినా దీపాలు ఆరగానే వాళ్ళూ మా లాగే అరిచారు. తెర ఆ చివర నుంచి ఈ చివర దాకా నీలంగా పరుచుకుంది. మద్రాసు వాహినీ స్టూడియోలో కట్టిన మానససరోవరం, ఏ గీతా మచ్చా లేకుండా, సింధనూరు హాల్లో నేనెన్నడూ చూడనంత స్పష్టంగా కనిపించింది. శ్రీదేవి దిగివచ్చింది. ఆమె 2018లోనే పోయింది. వేటూరి, జంధ్యాల, బాలు కూడా లేరు. పాట మొదలుకాగానే వెనక వరస కుర్రాళ్ళు కాగితం ముక్కలు ఎగరేస్తే కొన్ని నాన్నగారి భుజం మీద పడ్డాయి. నేను దులపబోతే ఉండనీ అన్నారు.

విశ్రాంతి తర్వాత చూస్తే తల పక్కకు వాలి ఉంది. లేపలేదు. ఆఖర్లో చప్పట్లకు ఉలిక్కిపడి లేచి, కళ్ళజోడు సరిచేసుకుని నా చెవి దగ్గరికి వంగారు.

‘ఉంగరం దొరికిందట్రా ఆ పిల్లకి?’