మణి నేర్చిన మాట

మనిషికీ కుక్కకూ ఉన్న చెలిమి ఈనాటిది కాదు. వేల ఏళ్లుగా కుక్క మనిషి వెంట నడిచింది. మందను కాచింది, వేటలో తోడుపడింది, వాకిట కావలి ఉంది. తమిళనాడులోని విరుదునగర్ జిల్లా ఈ చెలిమికి పేరుపొందిన సీమ. తెల్లని ఒళ్లు, గులాబిరంగు ముక్కు గల రాజపాళయం కుక్కకు పుట్టిల్లు ఈ జిల్లాయే. 2005లో భారత తపాలా శాఖ నాలుగు దేశవాళీ కుక్కల బొమ్మలతో బిళ్లలు వెలువరించినప్పుడు వాటిలో రాజపాళయానికీ చోటు దక్కింది. సన్నని నడుముతో, పొడవైన కాళ్లతో గాలిలా పరుగెత్తే చిప్పిపారై కుక్క కూడా ఈ ప్రాంతానిదే.

ఈ జిల్లాలోనే వైప్పారు ఒడ్డున ఉన్న ఊరు సాత్తూరు. కారాసేవుకూ, అగ్గిపెట్టెలకూ ఆ ఊరు ప్రసిద్ధి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు అక్కడ తరతరాలుగా ఉన్నాయి. అటువంటి ఒక ఇంట్లో మణి అనే కుక్క ఉండేది. అది పేరున్న జాతిది కాదు. వానలో తడుస్తూ వీధిలో మూలుగుతున్న పిల్లను ఆ ఇంటి అబ్బాయి ఎత్తుకొచ్చి పెంచాడు.

చిన్నప్పుడు మణి ఎవరు వచ్చినా ముందుకాళ్లు ఎత్తి మీదికి ఎగిరేది. అందరూ ముచ్చటపడి నవ్వేవారు. బిస్కత్తు ముక్క వేసేవారు. ఏడాది తిరిగేసరికి మణి పెద్దదయింది. ఎగిరే అలవాటు మాత్రం పోలేదు. ఒకనాటి సాయంకాలం అవ్వ కొళాయి దగ్గర నుండి బిందెతో వస్తూ ఉంటే మణి సంతోషం పట్టలేక ఆమె మీదికి దూకింది. అవ్వ పడిపోయింది. ముంజేయి వాచింది.

ఇంటి యజమానికి పట్టరాని కోపం వచ్చింది. “ఇక దీన్ని ఇంట్లో ఉంచేది లేదు. ఆదివారం ఏటి అవతల విడిచి వస్తాను” అన్నాడు. అబ్బాయి ఆ రాత్రి అన్నం ముట్టలేదు. చేతికి కట్టు కట్టుకున్న అవ్వే కొడుకుతో అంది: “దెబ్బ తగిలింది నాకురా. అది తెలిసి చేసిందా? ఒక్క నెల చూడు.”

మరునాడు అబ్బాయి మణిని పశువైద్యశాలకు తీసుకొని వెళ్లాడు. డాక్టరు అంతా విని, “మణి మీదికి ఎగిరినప్పుడు మీ ఇంట్లో ఎవరెవరు ఏం చేస్తారు?” అని అడిగాడు.

“నాయన కర్ర తీస్తాడు. నేను రెండు చేతులతో నెట్టేస్తాను. అవ్వ బిస్కత్తు వేసి పంపేస్తుంది.”

“నువ్వు నెట్టడం దానికి ఆట. అవ్వ బిస్కత్తు దానికి బహుమతి. ఎగరడం నేర్పింది మీరే కదా!” అన్నాడు డాక్టరు.

ఈ మాట వెనుక చాలా పరిశోధన ఉంది. 1898లో అమెరికాకు చెందిన థార్న్‌డైక్ ఆకలిగొన్న పిల్లులను పెట్టెల్లో ఉంచి, తిండి బయట పెట్టాడు. పిల్లులు ఎటెటో గీరి, అనుకోకుండా గడియ తీసుకొని బయటపడేవి. మళ్లీ మళ్లీ పెట్టగా అవి క్రమంగా త్వరత్వరగా గడియ తీయసాగాయి. ఏ పని వల్ల మేలు కలుగుతుందో ఆ పనినే ప్రాణి మళ్లీ చేస్తుందని ఆయన గ్రహించాడు. తరువాత స్కిన్నర్ అనే శాస్త్రజ్ఞుడు ఎలుకలతో, పావురాలతో ఈ సంగతిని మరింత వివరంగా పరిశీలించాడు. దెబ్బ వల్ల కూడా పని ఆగవచ్చు. కాని దెబ్బ ఏం చేయకూడదో చెబుతుందే గాని, ఏం చేయాలో చెప్పదు. పైగా కొట్టే చేతిని చూస్తే కుక్కకు భయం పుడుతుంది. భయపడిన కుక్క కరవనూవచ్చు.

డాక్టరు చెప్పిన ఉపాయం సులువైనదే. మణి ఎగిరితే ఎవరూ తిట్టకూడదు, తాకకూడదు, దాని ముఖం చూడకూడదు. అటు తిరిగి నిలబడాలి. నాలుగు కాళ్లూ నేలపై ఆనిన క్షణంలోనే మెచ్చుకొని చిన్న ముక్క పెట్టాలి. ఆలస్యమైతే దేనికి పెట్టారో దానికి తెలియదు. ఆ పైన కూర్చోవడం నేర్పాలి. కూర్చున్న కుక్క ఎగరలేదు కదా! పెట్టే ముక్క ఇడ్లీదో, ఉడికించిన గుడ్డుదో అయితే చాలు. కారాసేవు పనికిరాదు. ఉల్లి, ద్రాక్ష, చాక్లెట్ కుక్కకు విషంతో సమానం.

మొదటి వారం మణి మునుపటికంటే ఎక్కువగా ఎగిరింది. ఇంతకాలం దొరికినది దొరకకపోతే ఏ ప్రాణి అయినా మొదట మరింత గట్టిగా ప్రయత్నిస్తుంది. ఆ సమయంలో ఒక్కసారి లొంగినా పట్టు ఇంకా బిగుస్తుంది. ఒకనాడు అవ్వే జాలిపడి బిస్కత్తు వేయబోయి, మనవడి ముఖం చూసి చేయి వెనక్కు తీసుకుంది.

ఇంకొక చిక్కు కూడా వచ్చింది. తండ్రి తమిళంలో “ఉక్కారు” అనేవాడు. అవ్వ “కూర్చో” అనేది. అబ్బాయి ఒకసారి అదీ, ఒకసారి ఇదీ అనేవాడు. మణి ఎవరి ముఖం చూడాలో తెలియక తల అటూ ఇటూ తిప్పేది. కుక్కకు భాష తెలియదు, ఒకే శబ్దం మళ్లీ మళ్లీ వింటే గుర్తుపడుతుంది. రాత్రి భోజనాల దగ్గర అందరూ ఒక మాట మీదికి వచ్చారు. పగలంతా దానితో ఉండేది అవ్వ కనుక అవ్వ మాటే ఖాయమయింది. సాత్తూరు వీధిలో మణి తెలుగు నేర్చుకోసాగింది.

దీపావళి దగ్గరపడింది. టపాకాయలు పేలుతుంటే మణి మంచం కిందికి దూరి వణికేది. “కూర్చో” అన్నా వినేది కాదు. భయం తప్పు కాదు కనుక ఇంటివారు దాన్ని గదమాయించలేదు. గది తలుపులు మూసి, దగ్గర కూర్చొని నిమిరారు.

నెల గడిచింది. అవ్వ చేయి బాగయింది. ఒక సాయంకాలం ఆమె మళ్లీ బిందెతో వాకిట అడుగు పెట్టింది. మణి తోక ఊపుతూ పరుగెత్తుకొచ్చింది. ఇంటి యజమాని గబుక్కున లేచి నిలబడ్డాడు. “కూర్చో మణీ!” అంది అవ్వ. ఒళ్లంతా ఊగుతున్నా మణి కూర్చుంది. బిందెలోని నీరు తొణకలేదు.

యజమాని వంటింట్లోకి వెళ్లి ఇడ్లీ ముక్క తెచ్చాడు. ఇన్నాళ్లూ కర్ర పట్టిన ఆ చేతిని మణి ఒక్క క్షణం అనుమానంగా చూసింది. ఆ పైన మెల్లగా ముక్క అందుకుంది. ఆ ఆదివారం ఆయన ఏటి వైపు వెళ్లాడు. మణి కూడా వెంట వెళ్లింది. ఇద్దరూ తిరిగి వచ్చారు.