తేదీ లేని గడి

తిరుప్పూరులో ఒక బనియన్ల కంపెనీలో లెక్కలు వ్రాసుకొని బ్రతికేవారము మేము. రశీదు లేని మాట నమ్మకపోవడం మాకు అలవాటైపోయినది. అందుకే కాబోలు, వంశావళి అచ్చు వేయించే పని బంధువులు మాకే అంటగట్టినారు.

అందులో ఒక గడి చిక్కు పెట్టినది. మా అవ్వకు తండ్రి మలయా రబ్బరుతోటకు పోయి తిరిగి రాలేదు. 1942లో సింగపూరు బాంబులలో పోయినాడని పల్లడంలోని తాత వాదన. కాదు, సయాము రైలుదారి పనిలో వాంతిభేది తగిలి పోయినాడని అవ్వ మాట.

మాకు కాటిన్ సంగతి గుర్తుకు వచ్చినది. రష్యాలో స్మోలెన్స్కు దగ్గర ఆ అడవిలో పోలండు సైనికాధికారుల శవాలు బయటపడినవని 1943 ఏప్రిల్‌లో జర్మనులు చాటినారు. 1941లో జర్మనులే చంపినారని సోవియట్టువారు బదులు చెప్పి, 1944లో తమ విచారణ సంఘం చేత అట్లే వ్రాయించినారు. అయితే గోతులు త్రవ్వినప్పుడు జేబులలో దొరికిన జాబులు, డైరీలు 1940 మే మొదటితో ఆగినవి. ఇండ్లకు ఉత్తరాలు నిలిచినదీ ఆ రోజులలోనే. అప్పటికి ఆ చోటు సోవియట్టువారిదే కదా! వారు ఒప్పుకొన్నది 1990లో.

ఆ కిటుకే పట్టుకొని అవ్వ ట్రంకుపెట్టె దింపినాము. ఆఖరి కార్డు 1941 నవంబరుది. ఇంకేమి, పల్లడం తాత గెలిచినాడనుకొన్నాము. తొందరపడినాము. డిసెంబరు 8న జపానువారు మలయాలో దిగినారు. ఆ మీదట బ్రతికినవారి జాబులూ రాలేదు.

ఇక మిగిలినది సాక్ష్యం. బాంబు మాట విన్నవారే గాని చూచినవారు లేరు. రైలుదారి మాట చెప్పినవాడు అదే తోట కూలీ; 1946లో ఊరు చేరినాడు. మూడు నెలల పనియని రైలెక్కించినారనీ, వానలలో వాంతిభేది వచ్చి గుడిసెలకు గుడిసెలే ఖాళీ అయినవనీ తొమ్మిదేండ్ల అవ్వ ఎదుటనే చెప్పినాడట. 415 కిలోమీటర్ల ఆ దారిలో 1943 వానాకాలపు వాంతిభేది చరిత్రకెక్కినదే. అక్కడ పోయిన ఖైదీ సిపాయిలు 12,000 పైచిలుకు; కాంచనబురి శ్మశానంలో పేరుపేరునా రాళ్లున్నవి. తమిళ, తెలుగు, బర్మా, మలయా కూలీలు 90,000 మంది పోయినారని ఒక అంచనా. వారికి పేర్ల పట్టీయే లేదు. మా కచేరిలో పది రూపాయలు తేడా వస్తే రాత్రి ఇంటికి పోనీయరు!

'1943, సయాము' అని వ్రాసి, తేదీ గడి ఖాళీగా వదలినాము. పల్లడం తాతకు కోపం వచ్చినది, ప్రతి తీసుకోనన్నాడు.

"తిథి దొరికిందా అప్పా?" అని అడిగింది అవ్వ.

"లేదవ్వా" అన్నాము.

ఆమె కార్డులు మరల పెట్టెలో సర్దుకొన్నది. ఆడి అమావాస్యకు ఎప్పటివలెనే నాన్నకు ఆకు వేసింది.