నాణెం మింగే పెట్టెలు

పిల్లలూ! మీరు వీడియో గేము ఆడతామంటే ఇంట్లో పెద్దవాళ్ళు ఏమంటారో నాకు తెలుసు. "మళ్ళీ ఆ దిక్కుమాలిన ఆటేనా?" అంటారు. వాళ్ళ దృష్టిలో అన్నీ ఒకటే ఆట. ముప్ఫై ఏళ్ళకు పైగా బడిలో పాఠాలు చెప్పి, హెడ్‌మాస్టరుగా రిటైరయినవాణ్ణి గనక నేనూ వాళ్ళ పక్షమే మాట్లాడతానని మీరు అనుకోవచ్చు. కాని ఈ ఒక్క విషయంలో నాకు పెద్దవాళ్ళతో పేచీ ఉన్నది. గోళీలూ, చెడుగుడూ, దాగుడుమూతలూ, తొక్కుడుబిళ్ళా అన్నీ ఒకటేనని ఎవరైనా అంటారా? గోళీలకు గురి కావాలి, చెడుగుడుకు దమ్ము కావాలి. యంత్రాల మీద ఆడే ఆటల్లోనూ ఇంత తేడా ఉన్నది.

ఇవాళ నేను చెప్పబోయేది ఇంట్లో ఫోను మీద ఆడే ఆటల గురించి కాదు. బీరువా అంత పెట్టె, దానికొక తెర, కింద నాణెం వేసే సందు—అటువంటి వాటి గురించి. వీటిని ఆర్కేడ్ ఆటలంటారు. ఇప్పుడు మన నగరాల్లోని మాళ్ళలో నాణెం బదులు కార్డు గీకుతారు, అంతే తేడా.

ఇవి పుట్టింది అమెరికాలో. 1971లో నోలన్ బుష్‌నెల్, టెడ్ డాబ్నీ అనే ఇద్దరు "కంప్యూటర్ స్పేస్" అనే ఆట తయారుచేశారు. అందులో రాకెట్టును తిప్పడానికి మీటలు, ముందుకు తోయడానికొకటి, కాల్చడానికొకటి. పాపం, జనానికి అది ఒక పట్టాన అర్థం కాలేదు. మరుసటి ఏడు వాళ్ళు పెట్టిన అటారీ కంపెనీలో అలన్ ఆల్కార్న్ అనే ఇంజనీరు "పాంగ్" తయారుచేశాడు. మనిషికొక గుండ్రని మీట, దాన్ని తిప్పితే తెర మీద చిన్న గీత పైకీ కిందికీ జరుగుతుంది. దానితో బంతిని కొట్టాలి. చదువురానివాడు కూడా చూడగానే ఆడగలడు. కాలిఫోర్నియాలో సన్నీవేల్ అనే ఊళ్ళో ఒక పానశాలలో మొదటి యంత్రాన్ని పెట్టారు. కొన్నాళ్ళకే అది ఆగిపోయిందని కబురొచ్చింది. ఆల్కార్న్ వెళ్ళి తెరిచి చూస్తే, యంత్రానికి ఏ జబ్బూ లేదు. నాణేలు పడే డబ్బా నిండి పొంగిపోయింది!

అక్కడినుంచి తలా ఒక కొత్త సంగతి కనిపెట్టసాగారు. జపానులో తాయితో కంపెనీకి చెందిన తొమొహిరొ నిషికాదొ 1978లో "స్పేస్ ఇన్వేడర్స్" చేశాడు. వరుసకు 11 చొప్పున 5 వరుసలు, మొత్తం 55 వింతజీవులు పైనుంచి దిగివస్తుంటాయి. కింద ఉన్న ఫిరంగితో వాటిని కాల్చాలి. ఇది గురి ఆట. ఇందులో ఒక తమాషా ఉన్నది. జీవులు తగ్గేకొద్దీ మిగిలినవి మరింత వేగంగా పరుగెత్తుతాయి. దీన్ని ఎవరూ ముందుగా ఆలోచించి పెట్టలేదు. ఆ కాలపు కంప్యూటరుకు 55 బొమ్మలు గీయడం కష్టం, పది గీయడం తేలిక. బొమ్మలు తగ్గేసరికి పని తేలికై దానంతట అదే వేగం పుంజుకున్నది. నిషికాదొ అది చూసి, బాగానే ఉన్నదని అలాగే ఉంచేశాడు. అందువల్ల చిట్టచివరి జీవిని కొట్టడమే అన్నిటికన్నా కష్టమయింది.

అందరూ కాల్పుల ఆటలే చేస్తూంటే, నామ్‌కో కంపెనీలో తోరు ఇవతానీ అనే యువకుడు వేరే దారి పట్టాడు. ఆడపిల్లలు కూడా ఇష్టపడి ఆడే ఆట కావాలనుకున్నాడు. తినడం మీద ఆట చేస్తే ఎలా ఉంటుంది? అలా 1980లో "పాక్‌మాన్" పుట్టింది. మనం "కరకర నమిలాడు" అన్నట్టు, జపాను భాషలో నోరు తెరిచి మూసే చప్పుడు "పాకుపాకు". ఆ పేరు అందులోంచి వచ్చిందే. పసుపుపచ్చని గుండ్రటి నోరొకటి పద్మవ్యూహం లాంటి దారుల్లో తిరుగుతూ 240 చుక్కలూ, 4 పెద్ద బిళ్ళలూ తినాలి. నాలుగు దయ్యాలు వెంటపడతాయి.

నాకు ఈ ఆట మీద కొంచెం పక్షపాతం ఉన్నది. ఎందుకంటే ఆ నాలుగు దయ్యాలూ నాలుగు రకాలు. ఎర్రది తిన్నగా వెంట తరుముతుంది. గులాబి రంగుది మీరున్న చోటికి రాదు, మీరు పోబోయే చోటికి నాలుగు గళ్ళు ముందుకు వచ్చి కాపు వేస్తుంది. నీలిది ఎర్రదానినీ మిమ్మల్నీ కలిపి లెక్కవేసుకుంటుంది. నారింజ రంగుది దగ్గరదాకా వచ్చి, తిరిగి తన మూలకు పారిపోతుంది. ఇవేవీ యంత్రం మీద రాసి ఉండవు. మా మనుమరాలు ఒక మాల్‌లో నాలుగుసార్లు ఓడిపోయి, అయిదోసారి ఆట మధ్యలోనే, "నారింజది ఉత్త పిరికిది తాతయ్యా, దాన్ని చూసి మనం పారిపోనక్కరలేదు," అన్నది. మరి పరిశీలన అంటే ఏమిటి? నా సైన్సు క్లాసులో పిల్లలచేత ఇదే చేయించడానికి నేను ఎన్ని అవస్థలు పడ్డానో!

మరుసటి ఏడు, 1981లో, నింటెండో కంపెనీలో షిగెరు మియమోతొ "డాంకీ కాంగ్" చేశాడు. పెద్ద గొరిల్లా దొర్లించే పీపాలమీంచి ఒక వడ్రంగి సమయం చూసి దూకాలి. క్షణం ముందు దూకినా ముప్పే, వెనక దూకినా ముప్పే. ఆ వడ్రంగే తరవాత మారియో అయినాడు. 1982లో "పోల్ పొజిషన్" చక్రం పట్టుకుని కారు తోలించింది. 1998లో వచ్చిన "డాన్స్ డాన్స్ రివల్యూషన్" చేతులకసలు పనే పెట్టలేదు. పాట వస్తూంటే తెర మీది బాణాలు చూసి కాళ్ళతో గళ్ళు తొక్కాలి. తొక్కుడుబిళ్ళ ఆడినవాళ్ళకు అది చుట్టం. మా మనుమరాలు రమ్మన్నది గాని నా మోకాళ్ళు ఒప్పుకోలేదు.

1991లో "స్ట్రీట్ ఫైటర్ 2" వచ్చింది. అందులో ఎదుటివాడు బొమ్మ కాదు, పక్కన నిలబడ్డ మీ స్నేహితుడే. వాడు ఏం చేయబోతాడో పసిగట్టాలి. ఎంచుకోవడానికి ఎనిమిదిమంది వస్తాదులు. వారిలో ధాల్‌సిమ్ అనే మన దేశపు యోగి ఒకడు. అతని చేతులు సాగి సాగి ఎదుటివాణ్ణి కొడతాయి. నేను కూడా చాలా ఏళ్ళు యోగాసనాలు వేశాను. నా చేతులు అంగుళం సాగలేదు.

మీ నాన్నగారిని "ముస్తఫా ఆట తెలుసా?" అని అడిగి చూడండి. ఆయన ముఖం వెలిగిపోవచ్చు. 1993లో వచ్చిన దాని అసలు పేరు "కాడిలాక్స్ అండ్ డైనోసార్స్". అందులో ముస్తఫా అనే వస్తాదు మన పిల్లలకు ఎంత నచ్చాడంటే ఆటకే అతని పేరు పెట్టేశారు. ఒకే పెట్టె ముందు ముగ్గురు నిలబడి, ఒకరికొకరు సాయంగా దుండగులతో పోరాడవచ్చు. మా బస్టాండు పక్కన అటువంటి కొట్టొకటి ఉండేది. బడి ఎగ్గొట్టిన కుర్రాళ్ళను వెతుకుతూ ఒకనాడు వెళ్ళి, పిలవకుండా కాసేపు గుమ్మంలో నిలబడ్డాను. ముగ్గురూ భుజం భుజం ఆనించి ఆడుతున్నారు. ఒకడి ప్రాణం అయిపోవచ్చింది. తెర మీద తినుబండారం కనిపిస్తే తక్కిన ఇద్దరూ, "నువ్వు తీసుకోరా, నువ్వు తీసుకో," అంటున్నారు. అది చూసి సంతోషించాను. వాళ్ళను బడికి లాక్కుపోయాననుకోండి!

ఆ రోజే ఇంకొకటి కూడా చూశాను, అది నాకు నచ్చలేదు. ఓడిపోగానే యంత్రం తెర మీద తొమ్మిది, ఎనిమిది, ఏడు అంటూ లెక్కపెడుతుంది. సున్నా వచ్చేలోగా మరొక నాణెం వేస్తే ఆగిన చోటనే ఆట సాగుతుంది. వేయకపోతే అంతా పోయినట్టే. ఒక కుర్రాడు పుస్తకం కొనడానికి తెచ్చుకున్న డబ్బంతా అలా పోశాడు. పాక్‌మాన్‌లో నాణెం వేస్తే మీకొక అవకాశం దొరుకుతుంది, తక్కినది మీ తెలివి. ఇక్కడ నాణెం గెలుపునే కొంటుంది. 1985 నాటి "గాంట్‌లెట్" అయితే మరీనూ. మీరు ఊరికే నిలబడినా ప్రాణం తరిగిపోతూనే ఉంటుంది, డబ్బు వేస్తే పెరుగుతుంది. పెద్దలు కోప్పడవలసింది ఇక్కడ.

"అసలు ఆ ఆటలకు చివర ఉంటుందా తాతయ్యా?" అని మా మనుమరాలు అడిగింది. పాతవాటిలో చాలావాటికి లేదు. 1980లో డేవ్ థ్యూరర్ చేసిన "మిస్సైల్ కమాండ్"లో ఆరు నగరాలను క్షిపణులనుంచి కాపాడాలి. ఎంత బాగా ఆడినా చివరకు నగరాలన్నీ పోతాయి. అటువంటి యుద్ధంలో గెలుపు ఉండదని ఆ ఆట చెబుతున్నది.

పాక్‌మాన్‌కు కూడా చివర పెట్టలేదు. అయినా అది 256వ ఆటలో ఆగిపోతుంది! ఎన్నో ఆట నడుస్తున్నదో గుర్తుంచుకోవడానికి ఆ యంత్రంలో ఎనిమిది గళ్ళున్నాయి. ఒక్కొక్క గడిలో సున్నా గాని ఒకటి గాని పడుతుంది. వాటితో 0 నుంచి 255 దాకానే లెక్క కుదురుతుంది. 255కు ఒకటి కలిపితే మళ్ళీ సున్నా. దాంతో యంత్రం తికమకపడి, తెర అడుగున ఏడు పళ్ళ బొమ్మలకు మించి వేయకూడని చోట 256 వేయబోతుంది. తెరలో కుడి సగమంతా అక్షరాలతో, అంకెలతో, ముక్కచెక్కలతో నిండిపోతుంది. తినవలసిన చుక్కలు సరిపడా ఉండవు గనక ముందుకు పోయే దారి లేదు. కాగితం తీసుకుని ఎనిమిది గళ్ళు గీసి, 256 ఎలా వచ్చిందో లెక్కవేసి చూడండి. తొమ్మిది గళ్ళుంటే ఆట ఎక్కడిదాకా పోయేదో కూడా!