పదమూడు వారాల కాపురం

కొత్త ఊళ్లో ఇల్లు సర్దుకోవడానికే మనకు నెల పడుతుంది. వాళ్లు మూడు నెలలకోసారి తట్టాబుట్టా సర్దుకుని కొత్త ఊరికి బయల్దేరతారు. అమెరికాలో ట్రావెల్ నర్సుల కాపురం అలాంటిది మరి! భార్య నర్సు, భర్త ఎక్కడినుంచైనా కంప్యూటర్ మీద పనిచేసుకోగల ఉద్యోగి అయితే ఇంకేం... బండికి ట్రెయిలర్ ఇల్లు తగిలించుకుని కదలడమే.

ఏ ఆసుపత్రిలో నర్సులు చాలకపోతే అక్కడికి పంపుతుంది ఏజెన్సీ. ఒప్పందం సాధారణంగా 13 వారాలు. అంటే ఏడాదికి నాలుగు ఊళ్లు!

చలికాలం ఎడారిలో...

డిసెంబరులో ఇలాంటి జంటలను చూడాలంటే ఆరిజోనా రాష్ట్రంలోని టూసాన్ వెళ్లాలి. ఉత్తరాది రాష్ట్రాల్లో, కెనడాలో మంచు మొదలవగానే అక్కడి రిటైరైనవాళ్లు ఎందరో ఎండ వెతుక్కుంటూ ఇటు వచ్చేస్తారు. వాళ్లకు 'స్నోబర్డ్స్' అని పేరు. పెద్దవాళ్లు పెరిగితే ఆసుపత్రి మంచాలూ నిండుతాయి కదా. వాళ్ల వెనకే నర్సులూ వస్తారు.

మామూలుగా వారానికి మూడు రోజులే పని. కానీ రోజుకు 12 గంటలు. రాత్రి డ్యూటీ చేసి ఆమె వచ్చేసరికి ఆయన పని మొదలవుతుంది. ట్రెయిలర్లో ఉన్నది ఒక్క గది. ఆమె నిద్ర చెడకుండా ఆయన ఫోను పట్టుకుని బయట చెట్టునీడకు చేరాల్సిందే.

సెలవు రోజులు మాత్రం పండగే. ఊరికి రెండు పక్కలా సవారో నేషనల్ పార్కు. సవారో అంటే జెముడు జాతి చెట్టు. నలభై అడుగులు కూడా పెరుగుతుంది. దానికి మొదటి కొమ్మ రావడానికి యాభై నుంచి డెబ్భై అయిదేళ్లు పడుతుంది. పదమూడు వారాలకే ఊరు మారేవాళ్లు దాని పక్కన నిలబడి ఫొటో తీయించుకుంటారు!

తిరగాలన్నా ఇల్లుండాలి

జీతంతోపాటు బసకూ భోజనానికీ ఇచ్చే భత్యం మీద పన్ను ఉండదు. అయితే ఓ మెలిక ఉంది. సొంతూళ్లో ఓ ఇల్లు ఉండాలి, దాని ఖర్చులూ భరిస్తుండాలి. అది వదిలేసి పూర్తిగా రోడ్డు మీదే బతుకుతామంటే పన్ను కట్టాల్సిందే. ఊరు బాగా నచ్చినా అక్కడే ఏడాది దాటి పని కుదుర్చుకుంటే అది తాత్కాలికం కాదు, మినహాయింపు పోతుంది. అలా, ఇంట్లో ఉండలేరు... ఇల్లు వదులుకోలేరు.

లైసెన్సు సంగతీ చూసుకోవాలి. నలభైకి పైగా రాష్ట్రాలు ఒకే లైసెన్సును ఒప్పుకుంటాయి. కాలిఫోర్నియా మాత్రం విడిగా తీసుకోమంటుంది.

రోగులు తగ్గితే ఒప్పందం మధ్యలోనే రద్దు కావచ్చు. వేరే వార్డుకు పంపాల్సివస్తే చాలాచోట్ల ముందు కదిలేది కొత్తగా వచ్చిన నర్సే. 2020, 21ల్లో కరోనా వేళ జీతాలు ఆకాశాన్నంటాయి, తర్వాత దిగొచ్చాయి. పక్కింటివాళ్ల పేర్లు గుర్తుండే లోపే గడువు ముగుస్తుంది. దగ్గరి స్నేహితుడూ, గొడవపడేందుకు మనిషీ... ఒకరికొకరే.

పదకొండో వారం వచ్చేసరికి ట్రెయిలర్లో ఒకటే చర్చ. పొడిగించమని అడుగుదామా, పోదామా? ఎండలు ముదిరేలోపు ఉత్తరాన ఫ్లాగ్‌స్టాఫ్ చేరితే చల్లగా ఉంటుంది, గ్రాండ్ కాన్యన్ కూడా దగ్గరే. సొంతూరు మాత్రం ఇంకా దూరం.

అక్కడ తాళం వేసిన ఇంటికి ఈ నెలా కరెంటు బిల్లు కట్టాలి.